ఓపీలో తల ఊపితే అర్థమైనట్టు కాదు

అమ్మడూ,

పీహెచ్‌సీలో డాక్టరుగా చేరుతున్నావని తెలిసి చాలా సంతోషం. మందులూ డోసులూ నీకు నేను చెప్పక్కర్లేదు. టేబుల్‌కి అవతల కూర్చున్న మనిషి ముఖం, చేతులు, మౌనం గురించి మాత్రం నాలుగు ముక్కలు రాస్తాను.

ముందు తల ఊపడం సంగతి. మనవాళ్ళు తల అటూ ఇటూ ఆడిస్తే అందులో "అవును" ఉండొచ్చు, "సరేలే" ఉండొచ్చు, "త్వరగా వదిలితే బస్సు అందుకుంటా" కూడా ఉండొచ్చు. ఊ కొట్టడమూ అంతే. డాక్టరమ్మతో "అర్థం కాలేదు" అనడానికి మొహమాటం. అందుకని "అర్థమైందా?" అని అడగనే అడగకు, దానికొచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే. గర్భిణికి ఐరన్ బిళ్ళలూ కాల్షియం బిళ్ళలూ ఇచ్చావనుకో. రెండూ కలిపి మింగకూడదు, కనీసం 2 గంటల తేడా ఉండాలి, ఐరన్ టీతో వేసుకోకూడదు. ఇదంతా చెప్పాక స్ట్రిప్పులు ఆమె చేతిలోనే పెట్టి, "ఏది ఎప్పుడు వేసుకుంటావో చెప్పమ్మా, నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటా" అను. పొరపాటు నీదైనట్టు అడిగితే ఆమెకు చిన్నతనం ఉండదు. రెండు స్ట్రిప్పులూ కలిపి చూపించి "అన్నం తిన్నాక" అందంటే మళ్ళీ మొదట్నుంచి చెప్పాలి.

పెద్ద వయసువాళ్ళు ప్రతి మాటకీ నవ్వుతూ తల ఊపుతుంటే చెవులు సరిగ్గా వినపడట్లేదేమోనని అనుమానించు. నీ పెదవులు కనపడకుండా చీటీ మీదికి వంగి, మామూలు గొంతుతో "పొద్దున ఏం తిన్నారు?" అని అడుగు. దానికీ నవ్వి తల ఊపితే సంగతి తెలిసిపోతుంది.

కళ్ళు దించుకున్నవాళ్ళు అబద్ధమాడుతున్నారనుకోకు. పెద్దవాళ్ళ ముందు కళ్ళెత్తకపోవడం చాలా ఇళ్ళలో పెంపకం. అసలు అబద్ధాన్ని ముఖంలో పట్టేస్తామన్న ధీమాయే వట్టిది. 2006లో బాండ్, డిపాలో అనే పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కిస్తే, జనం నిజమో అబద్ధమో సరిగ్గా చెప్పగలిగింది సుమారు 54 శాతం. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది కదా! షుగర్ మాత్రలు వేసుకుంటున్నాడో లేదో కళ్ళలో వెతక్కుండా ఖాళీ స్ట్రిప్పులు తెమ్మను. "రోజూ వేసుకుంటున్నావా?" బదులు "పోయిన వారం ఎన్నిసార్లు మర్చిపోయావు?" అని అడుగు.

ట్రైనింగుల్లో మాటల విలువ 7 శాతమేననీ మిగతాదంతా హావభావాలేననీ ఊదరగొడతారు. 1967లో మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త విడి మాటలు, గొంతు, ఫొటోలతో చేసిన ప్రయోగాల లెక్క అది, మనిషికి ఇష్టమా అయిష్టమా అని పోల్చుకోవడం వరకే. మాత్ర రోజుకెన్నిసార్లో ఏ సైగా చెప్పదు.

నొప్పి దగ్గర మరీ జాగ్రత్త. పిడికిలి బిగించి రొమ్ము మధ్యన పెట్టి చూపిస్తే వెంటనే ఈసీజీ తీయించు. అలా పెట్టలేదని మాత్రం నిశ్చింతగా ఉండకు, షుగర్ ఉన్నవాళ్ళకి గుండెపోటు నొప్పి లేకుండానూ రావచ్చు. పార్కిన్సన్స్‌ అనే వణుకుడు జబ్బులో ముఖం కదలికలు తగ్గుతాయి, దాన్ని చిరాకనుకుంటారు. ఇక పసిపిల్లల్లో, గుక్కపట్టి ఏడ్చేవాడికంటే సూది గుచ్చినా ఏడవకుండా వేలాడిపోతున్నవాణ్ణి ముందు చూడు.

ప్రతి ప్రశ్నకీ కోడలు అత్త ముఖం చూసి జవాబిస్తుంటే, కథ అల్లుకోకు. బిడియం కావచ్చు, భయం కావచ్చు. "బరువు చూడాలి, రామ్మా" అని ఏఎన్ఎమ్‌తో లోపలికి పంపి, అక్కడ ఒంటరిగా ఉన్నప్పుడు అడుగు.

వాళ్ళూ నిన్ను చదువుతుంటారు. బీపీ చూస్తూ నుదురు ముడిచావంటే, అది మిషన్ పనిచేయక పడ్డ చిరాకని వాళ్ళకేం తెలుసు? అంకె పైకి చెప్పేయ్. కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు "రాసుకుంటున్నా, చెప్పమ్మా" అను, లేకపోతే సగంలో ఆపేస్తారు. మిగతా సగం తలుపు దాకా వెళ్ళి, గడప మీద ఆగి, "ఇంకోటమ్మా..." అని నసుగుతూ మొదలెడతారు. అప్పుడు తర్వాతి టోకెన్ పిలవకు, వెనక్కి పిలిచి కూర్చోబెట్టు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ