చదవాలని ఉంది... కూర్చోలేకపోతున్నా!

ప్రశ్న: బీటెక్ రెండో ఏడాది, అమ్మాయిల హాస్టల్లో ఉంటాను. ఇంటర్ దాకా మంచి మార్కులే. ఇప్పుడు నాలుగు బ్యాక్‌లాగ్‌లు. పుస్తకం తీస్తే పది నిమిషాలు కూడా నిలవలేను. ఈమధ్యే సైకియాట్రిస్ట్ ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవని సమస్య) అని మందులు రాశారు. నాన్నేమో ‘అంతా బద్ధకం, మందులకు అలవాటు పడిపోతావు’ అంటున్నారు. ఈ చదువు పూర్తి చేయగలనా?

జవాబు: తప్పకుండా చేయగలరు. ఇంటర్‌లో మార్కులు ఎలా వచ్చాయో గుర్తుతెచ్చుకోండి. పొద్దున్నే స్టడీ అవర్, వారం వారం టెస్టు, పక్కనే లెక్చరర్. ఎప్పుడు ఏం చదవాలో కాలేజీయే చూసుకుంది. బీటెక్‌లో ఆ బాధ్యతంతా మీ మీద పడింది. పని మొదలుపెట్టడం, టైమ్ అంచనా వేసుకోవడం... ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు కష్టమయ్యేవి ఇవే. తెలివితో దీనికి సంబంధం లేదు. ఆడపిల్లల్లో అల్లరికన్నా పరధ్యానమే ఎక్కువ కాబట్టి చిన్నప్పుడు చాలామందిలో ఎవరూ గుర్తించరు.

ఆ ఇంటర్ ఏర్పాటునే కొంత వెనక్కి తెచ్చుకోండి. గదిలో మంచం మీద ఒంటరిగా చదవకండి. రీడింగ్ రూమ్‌లో ఒక స్నేహితురాలి ఎదురుగా కూర్చోండి. ఆమె పాఠం చెప్పక్కర్లేదు, తన చదువు తను చదువుకుంటూ అక్కడుంటే చాలు. ఫోన్ ఆమె బ్యాగులో పెట్టండి. ‘మ్యాథ్స్ చదవాలి’ అని కాకుండా ‘లాప్లాస్, పోయినేడాది పేపర్లో మొదటి లెక్క’ అని రాసుకోండి. ఇరవై నిమిషాలకు అలారం పెట్టుకుని, మోగగానే లేచి నాలుగడుగులు వేసి రండి. పై ఏడాదికి ఎన్ని క్రెడిట్లు కావాలో చూసుకుని, ముందు తేలికైన రెండు సబ్జెక్టులు గట్టెక్కించండి. హాజరు 75 శాతం కన్నా తగ్గనివ్వకండి. జేఎన్‌టీయూ పరిధిలోనైతే వైద్య కారణాలతో 65 శాతం దాకా తగ్గినా మినహాయింపు అడగొచ్చు. డాక్టర్ ఇచ్చిన కాగితాలు భద్రం.

మందుల భయం నాన్నగారిదే కాదు, చాలా ఇళ్లలో ఉంది. మిథైల్‌ఫెనిడేట్ లాంటివి దశాబ్దాలుగా వాడుతున్నారు. డాక్టర్ చెప్పిన మోతాదులో వాడితే అలవాటు పడే ప్రమాదం తక్కువ. ఆకలి తగ్గినా, నిద్ర పట్టకపోయినా చెప్పండి, మోతాదు మారుస్తారు. మీ అంతట మీరు పెంచుకోవద్దు. పరీక్షల ముందు స్నేహితులు అడిగినా ఒక్క మాత్ర కూడా ఇవ్వొద్దు.

నాన్నగారితో వాదన వద్దు. ఈసారి డాక్టర్ దగ్గరికి ఆయన్నీ తీసుకెళ్లండి. ఈ లక్షణాలు పన్నెండేళ్లలోపే మొదలవుతాయి కాబట్టి, మీ చిన్నతనం గురించి ఆయన చెప్పేది డాక్టర్‌కూ పనికొస్తుంది. టిఫిన్ బాక్సు ఎన్నిసార్లు బళ్లో మరిచిపోయి వచ్చారో ఆయనకే బాగా తెలుసు. ఆయన అనుమానాలు ఆయన్నే అడగనివ్వండి. ఈలోగా బెంగ ఎక్కువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు.