దారం కోసం లక్షన్నర అప్పా?

ప్రశ్న: మాది విశాఖ గోపాలపట్నం. మా వారిది గాజువాక ఆటోనగర్‌లో ప్రైవేటు ఉద్యోగం, జీతం 32 వేలు. ఇద్దరు పిల్లలు, ఇంటి ఖర్చు 26 వేలు. నేను ఖాళీ హార్లిక్స్, కాఫీ సీసాలకు, నూనె డబ్బాలకు క్రోషా కవర్లు అల్లి ఒక్కోటి 180కి అమ్ముతున్నాను. దారానికి 60 అవుతుంది, మూడు గంటలు పడుతుంది. సంక్రాంతి ముందు రెండు నెలల్లో 70 అమ్ముడయ్యాయి. దారం స్టాకుకు, ఎగ్జిబిషన్ స్టాలుకు లోన్ యాప్‌లో లక్షన్నర తీసుకుందామని ఉంది. నెలకు 10 వేల చొప్పున 24 నెలలు కట్టాలి. బ్యాంకులో 22 వేలు ఉన్నాయి. హెల్త్ ఇన్సూరెన్సు మా వారి కంపెనీదే. తీసుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. నాలుగు ఆర్డర్లు రాగానే అప్పు చేసి స్టాకు కొనేయడం, ఇంట్లో వ్యాపారం మొదలుపెట్టినవాళ్లలో నేను పదే పదే చూస్తున్న పొరపాటు. అందుకే మీకు వివరంగా రాస్తున్నాను.

మీరు పంపిన ఫొటో చూశాను. కాఫీ సీసాకు తెల్లదారం కవరు, మూత కింద ఆకుపచ్చ అంచు, లాగి ముడేసే సన్నటి తాడు. అల్లిక ఎక్కడా వదులు లేదు. నూలు సాగుతుంది కాబట్టి కవరు సీసా కన్నా కాస్త బిగువుగా అల్లాలని మీకు తెలుసు. పనితనంలో లోపం లేదు, లెక్కలోనే ఉంది.

ఒక్కో కవరు మీద మీకు మిగిలేది 120. నెలకు 10 వేల వాయిదా కట్టాలంటే 84 కవర్లు అమ్మాలి. అంటే నెలకు 250 గంటలు, రోజూ ఎనిమిది గంటల పైనే. అదీ వాయిదాకే సరిపోతుంది, ఇంట్లోకి ఒక్క రూపాయి రాదు. పండగ సీజన్లోనే మీరు అమ్మినవి నెలకు 35. దారం ఎంత తెచ్చి పెట్టినా అల్లేది మీ రెండు చేతులే కదా!

ఇక ఆ వడ్డీ. లక్షన్నరకు మీరు కట్టేది 2 లక్షల 40 వేలు. నెలకు నూటికి రెండున్నరే అని చెప్పి ఉంటారు. అసలు తగ్గుతూ వస్తున్నా వడ్డీ మాత్రం మొత్తం లక్షన్నర మీదే వేస్తున్నారు. సరిగ్గా లెక్కేస్తే ఏడాదికి దాదాపు 50 శాతం! ఇలాంటి అప్పును వ్యాపార పెట్టుబడి అంటే నేను ఒప్పుకోను. పైగా ఆ యాప్ మీ ఫోన్‌లోని నంబర్లు, ఫొటోలు చూడటానికి అనుమతి అడిగితే అక్కడే ఆగిపోండి. అలా అడగకూడదని ఆర్‌బీఐ 2022లోనే చెప్పింది.

నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఆ 22 వేలు. మీ ఇల్లు నెల రోజులు కూడా నడవదు దాంతో. ఆరు నెలల ఖర్చు లక్షా 56 వేలు. ఇంచుమించు మీరు అప్పు చేయాలనుకుంటున్న మొత్తం అది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక మన ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు పనిచేయలేదు. చేతిలో నాలుగు డబ్బులు ఉన్నవాళ్లు ఎలాగో నెట్టుకొచ్చారు. అలాంటి రోజు మీ ఇంట్లో లక్ష రూపాయల దారం తడిసిపోయి ఉంటే? మీ వారి జీతం రెండు నెలలు ఆగితే? వాయిదా తేదీ మాత్రం ఆగదు.

కాబట్టి కవర్ల మీద నెలకు మిగిలే 4,200, జీతంలో మిగిలే 6 వేలలోంచి 3 వేలు, వేరే ఖాతాలో వేయండి. ఉన్న 22 వేలతో కలిపి ఎనిమిది నెలల్లో మూడు నెలల ఖర్చు, 78 వేలు చేరుతుంది. అమ్మకాలు తగ్గితే ఇంకో రెండు మూడు నెలలు పడుతుంది, ఫర్వాలేదు. అక్కడ ఆగకుండా ఆరు నెలల ఖర్చు దాకా వెళ్లండి. అందులో 5 వేలు నోట్లుగా ఇంట్లో ఉంచండి, తుపాను ఊరు మనది. ఈ డబ్బుతో దారం కొనవద్దు, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా సరే.

ఉద్యోగం పోతే కంపెనీ పాలసీ కూడా పోతుంది. మీ కుటుంబానికి సొంత హెల్త్ పాలసీ చూసుకోండి. బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి (జీవిత బీమా), 20 రూపాయల సురక్షా బీమా (ప్రమాద బీమా) ఇద్దరూ ఈ వారమే తీసుకోండి. చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్ర శిశు లోను, డ్వాక్రా అప్పు ఆర్డర్లు నిలకడగా వచ్చాక ఆలోచిద్దాం. బంగారం తాకట్టు జోలికి వెళ్లకండి.

దారం పది కవర్లకు సరిపడా, 600 రూపాయలది తెచ్చుకోండి. ఆర్డరుకు సగం అడ్వాన్సు అడగండి, మొహమాటపడకండి. సీసాలు ఎలాగూ అపార్ట్‌మెంట్లవాళ్లు ఊరికే ఇస్తారు. ఎగ్జిబిషన్‌లో ఒక్కరే స్టాలు తీసుకునే బదులు, చీరలో పచ్చళ్లో అమ్మేవారితో సగం బల్ల పంచుకోండి. ఇంకో మాట, మూడు గంటల పనికి 120 మరీ తక్కువ. వచ్చే ఆర్డరు నుంచి 240 చెప్పి చూడండి.