ఎలుకకు వంగడం, వైరస్‌కు?

సందేహం: ఎలుకల నాడీమండలానికి సోకే వైరస్ మీద తెలుగులో పాఠం రాస్తున్నాను. స్ట్రెయిన్ అన్న మాట ఎలుకకూ వస్తోంది, వైరస్‌కూ వస్తోంది. నేను రెండుచోట్లా ‘జాతి’ అన్నాను. తోటి అధ్యాపకుడు ‘వంగడం’ అనమంటున్నారు. కంప్యూటర్ అనువాదం ‘ఒత్తిడి’ అని ఇచ్చింది. ఏది సరి?
– ఒక అధ్యాపకుడు, అనంతపురం

సమాధానం: ఇంగ్లీషులో స్ట్రెయిన్‌లు రెండు. ఒకటి బిగించడమనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి వచ్చింది. ఒత్తిడి, శ్రమ దాని అర్థాలే. రెండోది పాత ఇంగ్లీషు ‘స్ట్రెయోన్’. సంపాదన, సంతానం అని అర్థం. తాగే పాలు వేరు, పంచుకునే పాలు వేరు అయినట్టే. యంత్రం పొరబడితే సరే, మనిషి కూడా చదవకుండా అచ్చుకు పంపడమే తప్పు.

‘జాతి’ పొసగదు. అది స్పీషీస్‌కు స్థిరపడింది. మీ పాఠంలోని ఎలుకలన్నీ ఒకే జాతి.

ఇక వంగడం. ఎంత మంచి మాట! పాత నిఘంటువుల్లో వంగడమంటే వంశం, కులం. దాన్ని పొలానికి తెచ్చింది వ్యవసాయ శాస్త్రవేత్తలు. కదిరి-6, కదిరి లేపాక్షి మీ వైపు అందరికీ తెలిసిన వేరుశెనగ వంగడాలు. రైతు మాత్రం ‘ఏం విత్తనం ఏసినావప్పా?’ అనే అడుగుతాడు. పొలానికి వచ్చినా పాత అర్థం పోలేదు: గుణం తరతరానికీ నిలిస్తేనే వంగడం. ప్రయోగశాల ఎలుకలకూ ఇదే కొలత. కనీసం 20 తరాలు వరసగా ఒకే తల్లి పిల్లల్ని జతకట్టించాకే దాన్ని అంతఃప్రజనన వంగడం అంటారు. ఎలుకల నాడీమండలానికి సోకే టైలర్ వైరస్‌కు ఎస్‌జేఎల్ వంగడం లొంగుతుంది, సీ57బ్లాక్6 తట్టుకుంటుంది. కాబట్టి ఎలుకకు వంగడమే రాయండి. (థైలర్ కాదు, టైలర్. వైరస్‌ను కనుగొన్న మాక్స్ టైలర్ ఇంటిపేరును పలికేది అలాగే.)

వైరస్‌ను ఎవరూ అలా జతకట్టించి పెంచలేదు. టైలర్ వైరస్ రకాలు, సోకిన ఎలుక నుంచి తీసి, ఒక ఎలుక నుంచి మరో ఎలుకకు ఎక్కిస్తూ నిలిపినవి. వాటిలో రెండు గుంపులు. జీడీ-7, ఎఫ్‌ఏ ఒక గుంపు: కొద్ది కణాలు మెదడులోకి ఎక్కించినా ఎలుక కొన్నాళ్లలో చస్తుంది. డీఏ, బియాన్ రెండో గుంపు: లక్షల కణాలిచ్చినా చాలా ఎలుకలు బతుకుతాయి, కానీ లొంగే వంగడాల్లో వైరస్ వెన్నుపాములో తిష్ట వేసి నరాల మయలిన్ తొడుగును ఊడగొట్టిస్తుంది. రెండు గుంపుల జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏలోనూ దాదాపు 8,100 రసాయన అక్షరాలు. నూటికి 90 దాకా ఒకటే. జీవకణాన్ని పట్టుకునే తీరుకూడా వేరు: కణం పైనుండే చక్కెరల్లో డీఏకు సయాలిక్ ఆమ్లం పట్టు, జీడీ-7కు హెపరాన్ సల్ఫేట్.

భాషాభిమానులకు రుచించేది ఈ వైరస్ చేయించే ఎల్-స్టార్ అనే ప్రోటీన్. ఆర్‌ఎన్‌ఏను మూడేసి అక్షరాలుగా విడగొట్టి చదవాలి. డీఏలో అసలు మొదలుకు 13 అక్షరాల తర్వాత ఇంకో ఏయూజీ, అంటే చదవడం మొదలుపెట్టమనే మూడక్షరాల గుర్తు, ఉంది. అక్కడినుంచి చదివితే పదవిభజన మారి, అవే అక్షరాల్లోంచి 156 అమైనో ఆమ్లాల వేరే ప్రోటీన్ పుడుతుంది. ద్వ్యర్థి కావ్యంలో విరుపు మారిస్తే రెండో కథ వచ్చినట్టే! జీడీ-7లో ఆ చోట ఏసీజీ ఉంది. ‘యూ’ పోయి ‘సీ’ వచ్చింది, రెండో కథకు మొదలు చెడింది. డీఏ తిష్ట వేయడానికి ఈ ప్రోటీన్ కావాలి. తీవ్రతలో తేడా మాత్రం ఎక్కువగా కవచ ప్రోటీన్ల వల్లే. అంతా ఒక్క అక్షరం మీదికి నెట్టకండి.

ఇలా అక్షరం మారడం ఉత్పరివర్తనం (మ్యుటేషన్). పత్రికలు ఆ మాటను వైరస్ రకానికే పెట్టేస్తున్నాయి. అది మార్పు పేరు, మారినదాని పేరు కాదు.

వైరస్‌కూ వంగడం అంటే పాత అర్థంలో తప్పనలేను. కానీ ఒకే వాక్యంలో రెండూ వస్తే చదివేవాడు తికమకపడతాడు. అక్కడ వైరస్‌కు ‘తెగ’ నాకు నచ్చుతుంది. ‘స్ట్రెయిన్’ అనే ఉంచినా కాదనను. మీ వాక్యం ఇలా ఉండొచ్చు: ‘డీఏ తెగ వైరస్ ఎస్‌జేఎల్ వంగడపు ఎలుకల వెన్నుపాములో నెలల తరబడి నిలుస్తుంది.’