కస్టడీలో పోలీసులు కొడితే ఫిర్యాదు ఎలా చేయాలి?

"మా తమ్ముణ్ణి అరెస్టు చేసి కస్టడీలో కొట్టారు. ఫిర్యాదు చేస్తే ఫలితం ఉంటుందా?" అని అడిగారు. ఉంటుంది, కానీ ముందు దెబ్బలను రికార్డు చేయించండి. ఇది రేపటికి వాయిదా వేయొద్దు. కమిలిన చోటు నీలంగా మారి, పసుపుపచ్చబడి, కొన్నాళ్లకు మాయమైపోతుంది. దాంతోపాటే సాక్ష్యమూ పోతుంది. ఎక్కడ, దేనితో కొట్టారో డాక్టరుకు చెప్పి, ఆ మాటలు కూడా రిపోర్టులో రాయమనండి. ఫోటోలో దెబ్బ పక్కన స్కేలు పెట్టండి. ముఖంతో సహా కనిపించే ఫోటో కూడా ఒకటి తీయండి. ఇలాంటి పరీక్ష ఎలా చేయాలో ఐక్యరాజ్యసమితి ఇస్తాంబుల్ ప్రోటోకాల్‌లో వివరంగా ఉంది. 2022లో దాన్ని సవరించారు కూడా.

జడ్జి ముందు హాజరుపరిచినప్పుడే విషయం చెప్పించండి. భయంతో చెప్పలేకపోతే అది అతని తప్పు కాదు, లాయరు ద్వారా తర్వాతైనా చెప్పవచ్చు.

రాతపూర్వక ఫిర్యాదు అదే స్టేషన్‌లో కాకుండా పై అధికారికి గానీ మానవ హక్కుల కమిషన్ లాంటి స్వతంత్ర సంస్థకు గానీ ఇవ్వండి. తేదీ, సమయం, యూనిఫాం మీది పేరు లేదా నంబరు, చూసినవాళ్ల వివరాలు రాయండి. తెలియనిది ఊహించి రాయొద్దు. రసీదు తప్పక తీసుకోండి.

తర్వాత ఎవరైనా బెదిరిస్తే అదీ రాసి ఇవ్వండి. 1984 నాటి చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం, 13వ అధికరణం ప్రకారం ఫిర్యాదుదారుకూ సాక్షులకూ రక్షణ కల్పించడం అందులో చేరిన దేశాల బాధ్యత.