కారుకి చప్పుడు చెయ్యని, దుమ్ము తక్కువ వచ్చే బ్రేక్ ప్యాడ్స్ ఏవి తీసుకోవాలి?

సిటీలో, హైవే మీద మామూలుగా నడిపే కారైతే సిరామిక్ ప్యాడ్స్ తీసుకోండి, వేరే ఆలోచన అక్కర్లేదు. వీల్స్ మీద పేరుకునే ఆ నల్లటి దుమ్ము చాలావరకు సెమీ మెటాలిక్ ప్యాడ్స్‌లో ఉండే ఇనుము, ఉక్కు పొడి వల్లే, దానికి తోడు ఆ ప్యాడ్స్ డిస్క్‌ని (చక్రంతో పాటు తిరిగే, ప్యాడ్స్ పట్టి ఆపే పళ్లెం) కూడా అరగదీస్తాయి కాబట్టి ఆ పొడి కూడా కలుస్తుంది. సిరామిక్‌లో కూడా దుమ్ము వస్తుంది గానీ తక్కువ, పైగా లేత రంగులో ఉంటుంది కాబట్టి అంతగా కనపడదు. ఆర్గానిక్ ప్యాడ్స్ (పీచు, రబ్బరు లాంటివాటితో చేసినవి) కూడా సైలెంటే, కాకపోతే తొందరగా అరిగిపోతాయి. ఘాట్ రోడ్లు, బరువులు లాగడం ఎక్కువైతే మాత్రం దుమ్ము సంగతి పక్కనపెట్టి సెమీ మెటాలిక్కే నయం, వేడిని బాగా తట్టుకుంటాయి.

ఇక కీచుమనే చప్పుడంటారా, అది ప్యాడ్ వణకడం వల్ల వస్తుంది, చాలాసార్లు తప్పు ప్యాడ్‌ది కాదు, బిగించిన తీరుది. వెనక షిమ్స్ (వణుకుని తగ్గించే పల్చటి రేకులు) ఉన్నవే కొనండి, క్యాలిపర్ (ప్యాడ్స్‌ని డిస్క్‌కి నొక్కే భాగం) పిన్నులకి బ్రేక్ గ్రీజు పెట్టించండి (ప్యాడ్ రాసుకునే వైపు మాత్రం అస్సలు తగలకూడదు), డిస్క్ గాడులు పడిందేమో చూపించండి. కొత్తవి వేశాక అవి డిస్క్‌కి సరిగ్గా కుదురుకోవడానికి 50 స్పీడు నుంచి 10కి మెల్లగా ఓ పదిసార్లు తగ్గించండి, మధ్యమధ్యలో కాస్త చల్లారనిస్తూ. పాత ప్యాడ్సే ఉన్నట్టుండి కీచుమంటుంటే అవి అరిగిపోయాయేమో ముందు చూసుకోండి.