డాక్టర్ సలహా: ‘ఇన్‌సైట్ 1/6’ అంటే మార్కులు కావు.. ముందు డాబా తలుపుకు తాళం వేయండి

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు. డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు ప్రిపేర్ అయ్యేవాడు. ఐదు నెలల కిందట ఖమ్మం వచ్చేశాడు. గది దాటి బయటకు రాడు. పక్కింటివాళ్లు తన అన్నంలో ఏదో కలుపుతున్నారంటాడు. ఇద్దరు మనుషులు తన గురించే మాట్లాడుకుంటున్నట్టు వినిపిస్తోందంటాడు. గాలి సోకిందేమోనని గుళ్లూ దర్గాలూ తిప్పాం, తాయెత్తు కట్టించాం. పోయిన నెల సైకియాట్రిస్ట్‌కు చూపిస్తే ఓపీ చీటీ మీద ‘డెల్యూజన్ ఆఫ్ పర్సిక్యూషన్, థర్డ్ పర్సన్ ఆడిటరీ హాలూసినేషన్స్, బ్లంటెడ్ అఫెక్ట్, ఇన్‌సైట్ 1/6’ అని రాశారు. రిస్పెరిడోన్, ట్రైహెక్సిఫెనిడిల్ అని రెండు మాత్రలు ఇచ్చారు. వాడు వేసుకోనంటే అమ్మ పెరుగన్నంలో కలిపి పెట్టింది. చిన్న మాత్ర అవసరం లేదులే అని పెద్దదొక్కటే ఇచ్చాం. 12 రోజులకు చేతులు బిగుసుకుపోయి, చొంగ కారుతుంటే భయపడి ఆపేశాం. మెడికల్ షాపులో అడిగితే నిద్రకు ఆల్‌ప్రజోలం ఇచ్చారు, ఇరవై రోజులుగా అదే ఇస్తున్నాం. రెండు రాత్రులుగా డాబా మీదకెళ్లి నిలబడుతున్నాడు, ‘వాళ్లు రమ్మంటున్నారు’ అంటున్నాడు. చీటీలో పదాలకు తెలుగులో అర్థం ఏమిటి? హాలూసినేషన్, ఇల్యూజన్ ఒకటేనా? ఇన్‌సైట్‌లో ఆరుకు ఒకటే వచ్చిందంటే ఇక నయం కాదా?

జవాబు: పదాలకు అర్థం చెప్తానమ్మా. కానీ మీరు మామూలు సంగతిలా ఒక్క ముక్కలో రాసిన ఆ డాబా మాట దగ్గరే నేను ఆగిపోయాను. చీటీలో ఉన్న నాలుగు పదాలకన్నా చీటీలో లేని ఈ సంగతి పెద్దది. ‘వాళ్లు రమ్మంటున్నారు’ అంటే వినిపించే గొంతులు ఇప్పుడు పక్కన నిలబడి మాట్లాడుకోవడం మాని నేరుగా మీ తమ్ముడికే హుకుం వేస్తున్నాయన్నమాట. దీన్ని కమాండ్ హాలూసినేషన్ అంటాం. వినిపించిన ప్రతి హుకుమూ మనిషి పాటిస్తాడని కాదు, చాలామంది పాటించరు. కానీ ఎవరు పాటిస్తారో ఎవరు పాటించరో ఉత్తరం చదివి చెప్పే విద్య నాకు లేదు. అందుకే ఇది వచ్చే వారం అపాయింట్‌మెంట్‌కు ఆగే విషయం కాదు. ఈ రోజే చూపించాలి.

అప్పటిదాకా డాబా తలుపుకు తాళం వేయండి. తాళంచెవి ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఉండాలి. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, పొలానికి తెచ్చిన పురుగుమందు డబ్బాలేమైనా ఉంటే అవీ బీరువాలో పెట్టి తాళం వేయండి. రాత్రిపూట ఒకరు అదే గదిలో పడుకోండి. ‘ఏమంటున్నారు వాళ్లు? ఎక్కడికి రమ్మంటున్నారు? చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని మీరే మెల్లగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా కాదు, అడిగితే ఎక్కువమందికి గుండె బరువు కొంత దిగుతుంది. మనిషి అదుపు తప్పుతుంటే 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. ఏం చేయాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబర్ 14416 ఉంది. 2022 అక్టోబరులో మొదలైంది, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. అయితే అది సలహాకే, ఆస్పత్రికి బదులు కాదు.

ఇక పదాలు.

మీరడిగినందుకు కాదు గానీ, హాలూసినేషన్‌కూ ఇల్యూజన్‌కూ తేడా మన పెద్దవాళ్లకు ఎప్పుడో తెలుసు. మసక చీకట్లో తాడును చూసి పాము అనుకోవడం ఇల్యూజన్. అక్కడ తాడు ఉంది, చూపు పొరబడింది. జ్వరంలో, భయంలో, నిద్రమత్తులో ఎవరికైనా జరుగుతుంది. తాడే లేకుండా పాము కనిపిస్తే, దాని బుస వినిపిస్తే హాలూసినేషన్. ఇక పాము కనిపించినా కనిపించకపోయినా ‘మా పక్కింటాయన నా కోసం పాములు పెంచుతున్నాడు’ అని ఎవరేం చెప్పినా చెదరకుండా నమ్మితే అది డెల్యూజన్. మొదటి రెండూ కంటికీ చెవికీ సంబంధించినవి, మూడోది నమ్మకానికి సంబంధించినది. తెలుగులో వీటికి భ్రమ, భ్రాంతి అని ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు, ఒకరి భ్రమ ఇంకొకరికి భ్రాంతి. అందుకే నేను ఓపీలో ఇంగ్లిష్ మాటే వాడతాను, లేకపోతే ‘లేనిది వినిపించడం’, ‘చెదరని తప్పుడు నమ్మకం’ అని విడమరిచి చెప్తాను.

పర్సిక్యూషన్ అంటే తనకు ఎవరో కీడు తలపెట్టారన్న నమ్మకం. అన్నంలో కలపడం, వెంటపడటం, ఫోన్ వినడం అన్నీ దాని కిందకే వస్తాయి. ఇక్కడో జాగ్రత్త ఉంది. ఊరంతా నమ్మేదాన్ని ఒకరు నమ్మితే అది డెల్యూజన్ కాదు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల్లో పచ్చికుండ మీద నిలబడి రంగం చెప్పే ఆమెను ఏ సైకియాట్రిస్టూ రోగి అనడు. మీ అమ్మగారు గాలి సోకిందనుకోవడమూ జబ్బు కాదు. ఆ ఇంట్లో ఇంకెవరికీ లేని నమ్మకం ఒక్కరికే ఉండి, రుజువులు చూపించినా సడలక, అన్నం నిద్రా చెడగొడుతుంటే అప్పుడు అనుమానిస్తాం.

థర్డ్ పర్సన్ అంటే గొంతులు తనను ‘నువ్వు’ అనడం లేదు, ‘వీడు చూడు, వీడు లేచాడు’ అని తమలో తాము అనుకుంటున్నాయని. జర్మన్ సైకియాట్రిస్ట్ కర్ట్ ష్నైడర్ స్కిజోఫ్రేనియా అనే తీవ్రమైన మానసిక జబ్బును గుర్తుపట్టడానికి ముఖ్యమైనవంటూ కొన్ని లక్షణాలను జాబితా వేశారు, ఇది అందులో ఒకటి. అంతమాత్రాన ఈ ఒక్కదానితో జబ్బుకు పేరు పెట్టేయకూడదు. మేనియాలో, అంటే ఉత్సాహం హద్దు మీరే జబ్బులో రావచ్చు, గంజాయి వల్ల రావచ్చు. చీటీ మీద ఆ డాక్టర్ జబ్బు పేరు కాకుండా లక్షణాలు మాత్రమే రాశారంటే తొందరపడలేదనే అర్థం, నాకది నచ్చింది. గంజాయి మాట ఎత్తాను కాబట్టి, హాస్టల్లో ఏమైనా అలవాటైందా అని తమ్ముణ్ని గానీ అతని రూమ్మేట్లను గానీ అడగండి. తిట్టడానికి కాదు, వైద్యం దాన్ని బట్టి కొంత మారుతుంది. మనుషులు, పురుగులు కనిపించడం మొదలైనా, జ్వరం ఉన్నా, తలకు దెబ్బ తగిలినా, తాగుడు మానేసిన రెండు మూడు రోజుల్లో ఇదంతా మొదలైనా ముందు శరీరాన్ని వెతకాలి, మనసును తర్వాత.

అఫెక్ట్ అంటే మీరనుకుంటున్నట్టు ప్రభావం కాదు. లోపలి భావం మొహంలో, గొంతులో, చేతుల కదలికలో బయటకు కనిపించే తీరు. మూడ్ అంటే రోగి చెప్పేది, అఫెక్ట్ అంటే డాక్టర్ చూసేది. చావు కబురూ పెళ్లి కబురూ ఒకే మొహంతో వినేవాళ్లను మీరు చూసే ఉంటారు. అలా చాలావరకు మొద్దుబారితే బ్లంటెడ్, పూర్తిగా చదునైపోతే ఫ్లాట్. ఇక్కడ మా డాక్టర్లే పొరబడే చోటు ఒకటుంది. ఈ మాత్రల వల్ల కూడా మొహం కొయ్యలా అవుతుంది. మాత్ర మొదలుపెట్టకముందు మొహం ఎలా ఉండేదో ఇంట్లోవాళ్లే చెప్పాలి. పాత ఫోన్లో వీడియో ఉంటే తీసుకెళ్లండి.

ఇన్‌సైట్ అంటే తన జబ్బు గురించి రోగికి ఉన్న ఎరుక. అది ఒకటి అంటే పరీక్షలో ఒక మార్కు రావడం కాదు, తమ్ముడు ఫెయిలవలేదు. ‘నాకు జబ్బే లేదు’ అనడం ఒకటి. ‘ఏదో ఉంది, కానీ పక్కింటివాళ్ల వల్లే’ అనడం మూడు. జబ్బు తనదేనని తెలిసి, ఆ తెలివితో నడుచుకోవడం ఆరు. మందు పనిచేసే కొద్దీ ఈ అంకె చాలామందిలో పెరుగుతుంది. నెల కిందట నా గదిలో ‘నన్నెందుకు తెచ్చారు’ అని కేకలు పెట్టినవాళ్లు తర్వాత తామే చీటీ పట్టుకుని వస్తారు. అందరూ రారు, ఆ మాటా చెప్పాలి. నయం అవుతుందా అంటే ఇక్కడినుంచి చెప్పలేను. ఎంత ఆలస్యమైతే అంత మొండికేస్తుందని మాత్రం చెప్పగలను. ఐదు నెలల్లో నాలుగు తాయెత్తుకు పోయాయి. కట్టించండి, ఎవరొద్దన్నారు? కట్టించిన రోజే ఆస్పత్రికీ వెళ్లాల్సింది.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన విషయానికొస్తాను. బయట ఇంకా చాలామంది కూర్చున్నారు, అయినా ఇది చెప్పకుండా వదలను. ఆ చిన్న మాత్ర అవసరం లేదని మీకెవరు చెప్పారు? ట్రైహెక్సిఫెనిడిల్ ఇచ్చింది, పెద్ద మాత్ర రిస్పెరిడోన్ వల్ల చేతులు బిగుసుకుపోకుండా ఉండటానికే. విరుగుడు మానేసి, విషం అంటూ మందునూ మానేశారు. చేతులు బిగుసుకోవడం, వణుకు, చొంగ, మెడ ఒక పక్కకు లాగేయడం, ఒకచోట కూర్చోలేక అటూ ఇటూ తిరగడం ఈ మందులతో తెలిసినవే. డోసు తగ్గించో, మందు మార్చో, చిన్న మాత్ర సర్దో సరిచేస్తాం. ఒక ఫోన్ చేస్తే అయిపోయేది. (బిగుసుకుపోవడంతో పాటు ఒళ్లు కాలే జ్వరం, చెమటలు, మాట తడబడటం ఉంటే మాత్రం ఫోన్ కాదు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. అరుదే గానీ ప్రాణం మీదకు వస్తుంది.)

తర్వాత మెడికల్ షాపు. ఆల్‌ప్రజోలం షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టర్ చీటీ చూసి, డాక్టర్ పేరూ రోగి పేరూ రిజిస్టర్లో రాసుకుని ఇవ్వాల్సినది. ‘నిద్ర పట్టట్లేదన్నా’ అంటే చేతిలో పెట్టేది కాదు. నిద్ర వస్తోంది కాబట్టి తగ్గుతోందని మీరనుకున్నారు. గొంతులు ఎక్కడికీ పోలేదు, వాటి గురించి అతననే మాటలు ఇంట్లోవాళ్లకు వినబడటం తగ్గిందంతే. అలాగని నా మాట విని రేపటినుంచి టక్కున మానేయకండి. వారాల తరబడి వాడాక ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. ఎన్ని రోజులు, రోజుకెన్ని ఇచ్చారో డాక్టర్‌కు చెప్పండి, ఎలా తగ్గించాలో ఆయన చెప్తారు. మిగిలిపోయిన రిస్పెరిడోన్‌ను పాత డోసులోనే మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టడం కూడా వద్దు. మధ్యలో వదిలేశాక ఎంతతో మొదలుపెట్టాలో చూసి నిర్ణయించాలి.

పెరుగన్నం సంగతి. అమ్మగారిని తప్పు పట్టను, తల్లి బాధ అది. వారానికి ఒకరైనా ఇదే చెప్తారు నాకు. కానీ ఆలోచించండి. అతని నమ్మకమేమిటి? అన్నంలో ఎవరో ఏదో కలుపుతున్నారని. మీరేం చేశారు? ఒకరోజు గిన్నె అడుగున పొడి కనిపిస్తే ఆ నమ్మకానికి రుజువు దొరుకుతుంది, అన్నం మానేస్తాడు, అమ్మ చేతి ముద్దా మానేస్తాడు. నోట్లో పెట్టగానే కరిగే మాత్రలున్నాయి, సిరప్ ఉంది, కొందరికి నెలకొకసారి ఇచ్చే ఇంజెక్షన్ ఉంది. ఏది సరిపోతుందో చూసినవాళ్లే చెప్పాలి. కలిపి ఇచ్చిన సంగతి మాత్రం డాక్టర్ దగ్గర దాచకండి.

రానంటాడు, తెలుసు. ‘నీకు పిచ్చి, ఎర్రగడ్డకు పోదాం’ అని ఎవరూ అనకండి. ‘అవన్నీ అబద్ధం’ అని వాదించకండి, ‘అవును, పక్కింటివాళ్లు దుర్మార్గులే’ అని వంత పాడకండి. ‘నాకు వినిపించట్లేదు గానీ నీకు భయంగా ఉందని తెలుస్తోంది, నిద్ర లేదు కదా, చూపిద్దాం’ అంటే చాలాసార్లు కదులుతారు. అయినా రాకపోతే, ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే, రోగి ఒప్పుకోకపోయినా ఇద్దరు నిపుణులు పరీక్షించి ఆస్పత్రిలో చేర్చుకునే వీలు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉంది. మొదట 30 రోజుల వరకు, రోగి తరఫు ప్రతినిధి దరఖాస్తు మీద. గొలుసులతో కట్టడాన్ని అదే చట్టం నిషేధించింది, ఆ పని చేయకండి.

వెళ్లేటప్పుడు పాత ఓపీ చీటీ, రెండు మాత్రల స్ట్రిప్‌లు, మెడికల్ షాపు మాత్ర స్ట్రిప్, డాబా ఎక్కిన రెండు రాత్రులూ ఏ టైముకు ఎక్కాడు, ఏమన్నాడు అని ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. మొదట చూసిన డాక్టర్ దగ్గరికే వెళ్లడం మంచిది, ఆయనకు ముందు పరిస్థితి తెలుసు. ఈ రోజు ఆయన లేకపోతే సైకియాట్రీ ఉన్న దగ్గర్లోని పెద్ద ఆస్పత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లండి, ఆయన వచ్చేదాకా ఆగొద్దు. ఆ గదిలోకి అడుగుపెట్టగానే మొదట చెప్పాల్సింది చీటీలో పదాల గురించి కాదు, డాబా గురించి.