బ్యాటరీ కారిన పాత బోర్డు

ప్రశ్న: అటక మీద నుంచి దించిన 486 (1990ల నాటి) కంప్యూటర్ ఆన్ అవుతోంది కానీ కీబోర్డు పనిచేయడం లేదు. మదర్‌బోర్డు మీద నీలం రంగు బ్యాటరీ చుట్టూ పచ్చటి బూజులా పట్టింది. బోర్డు పనికొస్తుందా?

జవాబు: చాలావరకు పనికొస్తుంది. అది కంప్యూటర్ ఆపేసినా లోపలి గడియారాన్ని నడిపే 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ. అందులోంచి కారిన క్షారం బోర్డు మీద కరెంటు పారే రాగి గీతలను తినేస్తుంది. కీబోర్డు సాకెట్ సాధారణంగా ఆ పక్కనే ఉంటుంది, అందుకే ముందు దెబ్బ దానికే. ఇక ఆన్ చేయకండి. బ్యాటరీని కత్తిరించి తీసేసి, పాత టూత్‌బ్రష్‌తో వెనిగర్ రాసి రుద్దండి. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో, ఆపై ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఒక రోజు ఆరనివ్వండి. వెనిగర్ మిగిలిపోతే అదీ రాగిని తింటుంది! మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి ఒక్కో గీతా చూడండి, మోగకపోతే గీత తెగినట్టే. తెగినచోట సన్నటి ఎనామిల్ తీగ టంకం వేస్తే సరి.

కొత్తగా సీఆర్2032 (ఛార్జ్ చేయకూడని 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ) పెట్టాలంటే మధ్యలో కరెంటును ఒకవైపే పోనిచ్చే షాట్కీ డయోడు తప్పనిసరి, డయోడు మీద గీత ఉన్న కొస బోర్డు ప్లస్ వైపు. లేకపోతే బోర్డు ఆ బిళ్లను ఛార్జ్ చేయబోతుంది, అది ఉబ్బుతుంది. మామూలు సిలికాన్ డయోడైతే 0.6 వోల్టులు మింగేస్తుంది, గడియారం నిలవకపోవచ్చు.